ప్రశ్న వేసి కాసేపు నోరు మూసుకోవడం: కొత్త లెక్చరర్లకు నా పద్ధతి

విశాఖలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పందొమ్మిదేళ్ళయింది. ఏటా కాలేజీలు తెరిచే రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర లెక్చరర్లు ఒకరో ఇద్దరో ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "సార్, సిలబస్ చూస్తే కొండంత ఉంది, ముందు అరవై మంది కూర్చుంటారు, చేతిలో యాభై నిమిషాలు, క్లాస్ ఎలా తీసుకోవాలి?" ఫోన్‌లో ప్రతిసారీ గంట చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే సరిపోతుంది కదా అని ఇది రాస్తున్నాను. ఉదాహరణలన్నీ నా సబ్జెక్టువే. మీది కెమిస్ట్రీ అయినా కామర్స్ అయినా పద్ధతి తీసుకుని ఉదాహరణలు మీవి వేసుకోండి.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (నమూనా చూసి, అసలు సగటు ఏ రెండు అంకెల మధ్య ఉండొచ్చో చెప్పే హద్దులు) పాఠం చాలా గొప్పగా చెప్పాననుకున్నాను, రంగు చాక్‌పీసులతో బోర్డు నిండా వేశాను, క్లాసంతా సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం, చివర్లో "అర్థమైందా" అంటే అందరూ తలలూపారు. సెమిస్టర్ చివర వైవాలో ఒకమ్మాయిని అడిగితే నిర్వచనం అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పింది. సరేనని, "రైతుబజార్లో టమాటాలు తూచి సగటు బరువుకి 95 శాతం ఇంటర్వల్ వేస్తే 72 నుంచి 84 గ్రాములు వచ్చింది, అంటే వంద టమాటాల్లో 95 ఆ మధ్యలో ఉన్నట్టేనా?" అన్నాను. "అవును మాస్టారూ" అంది, ఏ అనుమానమూ లేకుండా. ఆ రోజు పన్నెండు మందిని అదే ప్రశ్న అడిగితే తొమ్మిది మంది అదే జవాబు చెప్పారు. ఆ జవాబు తప్పు. ఇంటర్వల్ చెప్పేది సగటు గురించి, విడివిడి టమాటాల గురించి దానికి పట్టింపు లేదు. తొమ్మిది మందికి తప్పుగా తెలిసిందంటే బోర్డు ముందు నిలబడిన మనిషిలో ఏదో తేడా ఉంది. అక్కణ్ణుంచి మార్చుకుంటూ వచ్చిన పద్ధతి ఇది.

సెమిస్టర్ మొదలవకముందు, రెండు సాయంత్రాల పని

సిలబస్ కాపీ తీసి చివరి నుంచి మొదలుపెట్టండి. ఒక్కో యూనిట్‌కి ఒక్క వాక్యం రాసుకోండి: ఇది అయిపోయాక పిల్లలు తమ చేత్తో ఏం చేయగలగాలి? "అర్థం చేసుకుంటారు", "తెలుసుకుంటారు" లాంటి మాటలు వాడొద్దు, వాటిని ఎవరూ కొలవలేరు. "పేపర్లో వచ్చిన సర్వే చూసి అందులో నమూనా ఎక్కడ తప్పిందో చెప్పగలగాలి" అనేది పనికొచ్చే వాక్యం. కోర్సు ఫైల్లో సీఓలు, పీఓలు (కోర్సు, ప్రోగ్రామ్ అయ్యాక పిల్లలకి ఏం రావాలో చెప్పే వాక్యాలు) ఎలాగూ రాయాలి కదా, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ళు వస్తున్నారంటే ముందురోజు రాత్రి పాత ఫైల్ చూసి కాపీ కొట్టేది అవే. ఒక్కసారి నిజంగా కూర్చుని రాస్తే ఆ కాగితమే మీ లెసన్ ప్లాన్ అవుతుంది.

తర్వాత సిలబస్‌ని మూడు ముక్కలు చేయండి. క్లాసులో కలిసి చేయాల్సినవి, ఇంట్లో చదువుకుని రాగలిగినవి, పరీక్ష కోసం ఒక పేజీ నోట్స్ ఇస్తే చాలినవి. "సిలబస్ మొత్తం కవర్ చేశాను" అని గర్వంగా చెప్పుకునే రోజులు నాకూ ఉండేవి, కవర్ చేయడమంటే దుప్పటి కప్పడం లాంటిదే, కింద ఏముందో ఎవరికీ కనబడదు.

మొదటి రోజు

హాజరు, రూల్స్, 75 శాతం అటెండెన్స్ బెదిరింపు, ఇవన్నీ రెండో రోజుకి వాయిదా వేయండి. మొదటి రోజు పేరు రాయక్కర్లేని ఒక చిట్టీ ఇచ్చి అయిదారు చిన్న ప్రశ్నలు అడగండి. నేను తప్పకుండా అడిగేది ఒకటుంది: ఉల్లిపాయలు కిలో 40 నుంచి 50 అయ్యాయి, ఎంత శాతం పెరిగింది? మళ్ళీ 50 నుంచి 40కి దిగాయి, ఎంత శాతం తగ్గింది? పెరిగింది 25, తగ్గింది 20. రెండు చోట్లా 25 అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎంతమందో చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో మీకు తెలిసిపోతుంది. నా క్లాసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాళ్ళు ఉంటారు, పాడేరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్ళు ఉంటారు, గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళు ఉంటారు. అందరూ ఒకేచోట ఆగి లేరు, అందరినీ ఒకే మెట్టు మీద ఉన్నట్టు అనుకుని మొదలుపెడితే సగం మంది మొదటి వారంలోనే జారిపోతారు.

క్లాసుకి ఒక్క ప్రశ్న

అసలు పని ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

యాభై నిమిషాల క్లాసుకి తయారవడమంటే నా దృష్టిలో ఒక మంచి ప్రశ్న తయారుచేయడమే, మిగతాదంతా దాని చుట్టూ అల్లుకోవచ్చు. మంచి ప్రశ్న అంటే లెక్క వేయక్కర్లేనిది, కానీ ఆలోచించకుండా చెబితే తప్పు వచ్చేది. ఇదిగో ఒకటి: మార్కెట్లో టమాటాల అసలు సగటు బరువు 80 గ్రాములు. ఒక కుర్రాడు 4 టమాటాలు తీసి సగటు కట్టాడు, ఇంకొకడు 40 తీసి కట్టాడు. ఇద్దరిలో ఎవరికి సగటు 100 దాటే అవకాశం ఎక్కువ? ఒకటి, 4 తీసినవాడికి. రెండు, 40 తీసినవాడికి. మూడు, ఇద్దరికీ సమానమే.

నాలుగు తీసినవాడికే ఎక్కువ. తక్కువ కాయలైతే ఒక్క లావుపాటి కాయ మొత్తాన్ని పైకి లాగేస్తుంది, నలభై ఉంటే పెద్దవీ చిన్నవీ ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి. కానీ "ఎక్కువ కాయలు తీస్తే ఎక్కువ బరువు" అని రెండు చెప్పేవాళ్ళు, "సగటు సగటే కదా" అని మూడు చెప్పేవాళ్ళు బోలెడంత మంది. తప్పు జవాబుల్ని మీ తలలోంచి పుట్టించకండి, పాత ఆన్సర్ షీట్లలోంచి ఏరుకోండి. పిల్లలు నిజంగా చేసే తప్పే ఆప్షన్‌గా ఉంటేనే చర్చ పుడుతుంది.

నడపడం ఇలా. ప్రశ్న బోర్డు మీద రాయండి. ఒక నిమిషం ఎవరితో ఎవరూ మాట్లాడకుండా ఆలోచించాలి. తర్వాత మీరు "ఊ" అనగానే అందరూ ఒకేసారి ఛాతీ దగ్గర ఒకటి, రెండు లేదా మూడు వేళ్ళు చూపించాలి. చెయ్యి పైకెత్తమంటే పక్కవాణ్ణి చూసి ఎత్తుతారు, ఛాతీ దగ్గరైతే మీకే కనబడుతుంది. మెషీన్లూ యాప్‌లూ అక్కర్లేదు. ఒక్కసారి కళ్ళు తిప్పి సుమారుగా లెక్కేయండి. పదిమందిలో ఏడుగురికి పైగా సరిగ్గా చెప్పేస్తే రెండు మాటల్లో ముగించి ముందుకెళ్ళండి. ముగ్గురికి కూడా రాకపోతే చర్చ దండగ, మీరే మళ్ళీ చెప్పాలి. మధ్యలో ఉంటే మాత్రం పండగే: "మీతో ఏకీభవించని వాళ్ళని వెతుక్కుని ఒప్పించండి, మూడు నిమిషాలు" అని వదిలేయండి. మన క్లాసుల్లో అమ్మాయిలు ఒక పక్క, అబ్బాయిలు ఒక పక్క కూర్చుంటారు కాబట్టి ముందు బెంచీవాళ్ళని వెనక్కి తిరగమనడం సులువు. మూడు నిమిషాలయ్యాక మళ్ళీ వేళ్ళు. రెండోసారి సరైన జవాబు పెరగడం చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది, ఎందుకంటే ఈ లోపల మీరు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఈ పద్ధతిని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు పెట్టి ప్రచారం చేసింది హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్, 1990లలో. ఆయన పిల్లలు కూడా లెక్కలు చకచకా చేసేసి, వాటి వెనకున్న విషయం అడిగితే తడబడేవారట. నా వైవా అమ్మాయి గుర్తొచ్చింది చదవగానే.

అడిగాక ఆగడం

చెప్పడానికి తేలిక, చేయడానికి చాలా కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో తరగతి గదుల్ని రికార్డు చేసి చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగి జవాబు తామే చెప్పేయడమో ఇంకొకర్ని అడగడమో చేస్తున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకి పెంచితే చాలు, జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పని వాళ్ళు మాట్లాడారు. మూడు సెకన్లంటే ఏముంది అనిపిస్తుంది గానీ, అరవై మంది మౌనంగా మీ మొహంలోకి చూస్తుంటే అది మూడు నిమిషాల్లా ఉంటుంది. నా చిట్కా: ప్రశ్న అడగ్గానే నీళ్ళ బాటిల్ తీసి, మూత విప్పి, ఒక గుక్క తాగి, మూత పెట్టండి. మన ఉక్కపోతకి ఎవరికీ అనుమానం రాదు.

"ఎనీ డౌట్స్?" అని మాత్రం అడగొద్దు. ఎవరూ చెప్పరు. "ఇందాక చెప్పినదాంట్లో ఎక్కడ తికమకగా ఉందో ఒక లైన్ రాసివ్వండి" అని చివరి రెండు నిమిషాల్లో చిట్టీలు తీసుకోండి, మర్నాడు క్లాసు దాంతోనే మొదలుపెట్టండి.

పిల్లలు అడిగిన ప్రశ్నకి మీకు జవాబు తెలియకపోతే? కొత్త లెక్చరర్లకి అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఇదే. దీనికి మా సబ్జెక్టులో ఒక మంచి కథ ఉంది, మన ఊరికి చుట్టం కూడా. మన ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చదివి కలకత్తా వెళ్ళిన సి.ఆర్. రావు గారు, ఇరవై నాలుగేళ్ళయినా సరిగ్గా నిండని వయసులో అక్కడ ఎస్టిమేషన్ (నమూనా నుంచి అసలు విలువని అంచనా వేయడం) పాఠం చెబుతున్నారు. పెద్ద నమూనాలకి వర్తించే, ఇంగ్లండు స్టాటిస్టీషియన్ ఫిషర్ ఫలితాన్ని చెబుతుంటే ఒక విద్యార్థి, తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయిన వి.ఎం. దండేకర్, "చిన్న నమూనాలకి కూడా ఇలాంటిది చెప్పలేమా?" అని అడిగారు. జవాబు అప్పటికి లేదు. రావు గారు ఆ రాత్రి కూర్చుని పని చేసి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే ఈ రోజు ప్రపంచమంతా క్రామర్-రావు అసమానత అని చదువుతున్నది, ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో చెప్పే హద్దు అది. మనం రాత్రికి రాత్రి అంత కనిపెట్టనక్కర్లేదు. "నాకు తెలీదు, రేపు చెప్తాను" అనండి, రేపు తప్పకుండా చెప్పండి. ఆ రెండోది మర్చిపోతే మొదటిదానికి విలువ పోతుంది.

ఊరిని క్లాసులోకి తీసుకురండి, లేదా క్లాసుని ఊళ్ళోకి

నాకు ఇష్టమైన ప్రాక్టికల్ ఒకటి చెప్తాను. పిల్లల్ని ముగ్గురేసి గుంపులు చేసి పొద్దున్నే ఆర్కే బీచ్‌కి పంపిస్తాను. వాకింగ్‌కి వచ్చినవాళ్ళని "వారానికి ఎన్ని రోజులు వస్తారండీ?" అని అడిగి రాసుకురావాలి. సగటు కడితే పెద్దగానే వస్తుంది, విశాఖ జనానికి ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో అనిపిస్తుంది. అప్పుడు అడగండి: ఈ సగటు బీచ్‌కి వచ్చే అందరిదీనా?

బోర్డు మీద చిన్న లెక్క వేయండి. వారానికి ఒక్కరోజే వచ్చేవాళ్ళు 70 మంది, ఏడు రోజులూ వచ్చేవాళ్ళు 10 మంది ఉన్నారనుకోండి. మొత్తం 80 మంది, అసలు సగటు 1.75 రోజులు. ఒక్కరోజు వచ్చేవాళ్ళు వారమంతా సమానంగా సర్దుకుని వస్తే ఏ రోజు చూసినా వాళ్ళు 10 మంది, రోజూ వచ్చేవాళ్ళు 10 మంది, మొత్తం 20 మంది కనబడతారు. వాళ్ళనడిగితే సగటు 4. ఎవరూ అబద్ధం చెప్పలేదు, లెక్క కూడా తప్పలేదు, అయినా సగటు రెట్టింపు దాటిపోయింది. తరచుగా వచ్చేవాడు మనకి తరచుగా దొరుకుతాడు, అంతే. సరిచేయాలంటే ఒక్కొక్కరు చెప్పిన రోజుల సంఖ్యతో ఒకటిని భాగించి కూడి, ఆ మొత్తంతో 20ని భాగించండి: ఒక్కరోజు వచ్చే 10 మందికి ఒకటి చొప్పున 10, రోజూ వచ్చే 10 మందికి ఏడో వంతు చొప్పున 1.43, మొత్తం 11.43, 20ని దానితో భాగిస్తే మళ్ళీ 1.75. ఈ మెలిక చూడగానే క్లాసులో ఒక చిన్న శబ్దం వస్తుంది, ఆ శబ్దం కోసమే నేను ఈ ఉద్యోగం చేస్తున్నాననిపిస్తుంది. ఇలా వంకర తిరిగిన నమూనాల గురించి కూడా 1960లలో పని చేసినవారు రావు గారే.

ఒక బ్యాచ్ ఆదివారం వెళ్ళొచ్చింది. "సర్, ఆదివారం ఒక్కరోజు వాళ్ళే ఎక్కువ కదా, మీ లెక్క పనిచేయదు" అని చివరి బెంచీలో కుర్రాడు పట్టేశాడు. నాకు తట్టలేదు. అప్పటినుంచి మూడు వేర్వేరు రోజుల్లో పంపిస్తున్నాను.

బయటికి పంపడానికి పర్మిషన్ దొరకదా? అయితే చీటీల ఆట ఆడించండి. 200 చీటీల మీద అంకెలు రాసి డబ్బాలో వేయండి, చాలా అంకెలు మధ్యలో, కొన్ని అటూ ఇటూ ఉండేలా. సరిగ్గా అవే చీటీలతో ఇంకో నాలుగు డబ్బాలు చేయండి, అరవై మందికి ఒక్క డబ్బా అయితే పీరియడ్ అయిపోతుంది. ఒక్కొక్కరు పదిసార్లు చీటీ తీసి, రాసుకుని, మళ్ళీ డబ్బాలోనే వేయాలి. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కట్టి 95 శాతం ఇంటర్వల్ వేయాలి, దానికి కావలసిన గుణకం పది విలువలకి టీ టేబుల్లో 2.262 అని దొరుకుతుంది. ప్రతివాళ్ళూ వచ్చి బోర్డు మీద తమ ఇంటర్వల్‌ని ఒక గీతగా గీయాలి. అందరిదీ అయ్యాక మీరు అసలు సగటు దగ్గర నిలువుగా ఎర్ర గీత గీయండి. అరవైలో సుమారు 57 గీతలు దాన్ని తాకుతాయి, ఓ మూడు తాకవు, ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి అయిదు. "నాది తగల్లేదు మాస్టారూ, నేనేటి తప్పు చేసేను?" అని ఒకరైనా అంటారు. ఏ తప్పూ చేయలేదు, 95 శాతం అంటే అర్థం అదే. రంగు చాక్‌పీసులతో నేను చెప్పలేకపోయింది ఈ మాటే.

తెలుగా, ఇంగ్లీషా

డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అయిపోయింది, పరీక్ష ఇంగ్లీషులోనే రాయాలి. పదో తరగతిలో అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని చదివి వచ్చిన వాళ్ళకి మీన్, మీడియన్, మోడ్ కొత్త పాఠాల్లా అనిపిస్తాయి. మొదటి నెల రెండు పేర్లూ పక్కపక్కన రాయండి. చర్చ తెలుగులో, అది కూడా వాళ్ళ తెలుగులో జరగనివ్వండి, చివర్లో రెండు వాక్యాలు మాత్రం ఇంగ్లీషులో రాయించండి. క్లాసులో "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అని గద్దిస్తే వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోరు, నోరు మూసుకోవడం నేర్చుకుంటారు.

వారానికో చిన్న పరీక్ష

సోమవారం మొదటి అయిదు నిమిషాలు, పుస్తకం మూసి, మూడు ప్రశ్నలు. ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది, ఒకటి మొదటి యూనిట్‌ది. పక్కవాళ్ళతో దిద్దించండి, మార్కులు ఇంటర్నల్స్‌లో కలపొద్దు, కలిపితే కాపీ మొదలవుతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం పిల్లలకి చెప్పండి: ఒక గుంపు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది, ఇంకో గుంపు చదివి, మూసేసి, గుర్తున్నది రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం ఆగి పెడితే మూసి రాసినవాళ్ళు దాటిపోయారు. పరీక్ష ముందురోజు ఆల్ ఇన్ వన్ తిరగేసే అలవాటు ఎందుకు అంత హాయిగా ఉంటుందో, బ్యాక్‌లాగ్స్ మాత్రం ఎందుకు తగ్గవో ఇందులోనే ఉంది.

పేపర్లు దిద్దేటప్పుడు అందరికీ పేజీలకొద్దీ కామెంట్లు రాయకండి, చచ్చిపోతారు. ఎక్కువమంది చేసిన మూడు తప్పులు ఏరి, మర్నాడు పది నిమిషాలు బోర్డు మీద వాటినే దిద్దించండి.

గొడవలు వస్తాయి

మొదటి నెలలో పిల్లలే గొణుగుతారు: "సార్ ఏమీ చెప్పట్లేదు, మమ్మల్నే చెప్పమంటున్నారు." కారిడార్లో వెళ్ళే పెద్దవాళ్ళు మీ క్లాసులో గోల విని లోపలికి తొంగిచూస్తారు. నన్నయితే ఒకసారి పిలిచి "క్లాస్ కంట్రోల్ కొంచెం చూసుకోవాలి" అని మెల్లగా మందలించారు కూడా. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారంలో మార్కులు తగ్గినా కంగారు పడకండి. 2019లో హార్వర్డ్‌లోనే ఫిజిక్స్ పిల్లల మీద ఒక అధ్యయనం చేశారు, తాము పని చేసిన క్లాసుల్లో వాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ మంచి లెక్చర్ విన్న క్లాసుల్లోనే ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. కష్టపడితే తికమకగా ఉంటుంది, వింటూ కూర్చుంటే అంతా తెలిసినట్టుంటుంది. ఈ ముక్క మొదటి వారంలోనే పిల్లలకి చెప్పేయండి, హెచ్‌ఓడీకి కూడా ముందే ఒక మాట వేసి ఉంచండి.

అన్ని క్లాసులూ ఇలా మార్చేద్దామని మాత్రం మొదటి ఏడాదే దూకకండి. వారానికి ఒక్క క్లాసు చాలు. భోజనమయ్యాక రెండు గంటల పీరియడ్ ఎంచుకోండి, ఎలాగూ ఆ టైంలో లెక్చర్ ఎవరూ వినరు. నూట ఇరవై మంది ఉన్న సెక్షన్ అయితే బీచ్ ప్రాక్టికల్ వదిలేసి వేళ్ళ పద్ధతి ఒక్కటే చేయండి. క్లాసు అవగానే స్టాఫ్ రూంలో కూర్చుని ఏ ప్రశ్న పేలిందో, ఏది తుస్సుమందో తేదీ వేసి రెండు లైన్లు రాసుకోండి, వచ్చే ఏడాది అదే మీ ఆస్తి.

చీటీల విషయంలో ఒక హెచ్చరిక. మామూలు తెల్లకాగితంతో చేస్తే మన సముద్రపు గాలికి వానాకాలం దాటేలోపు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి, రెండు చీటీలు కలిసొచ్చి లెక్క పాడవుతుంది. నేను పాత శుభలేఖలు కత్తిరించి చేసినవి ఆరేళ్ళుగా వాడుతున్నాను, వెనకవైపు ఎవరివో పెళ్ళి ముహూర్తాలు ఇంకా కనబడుతుంటాయి.